అంచు అరిగిన అష్రఫీ

పాత నాణేలు చూసి అసలువో నకిలీవో తేల్చే ఉద్యోగం నేను ముప్పై రెండేళ్లు చేశాను. పట్టుకున్న నకిలీల గురించి చెప్పమంటే పొద్దుగూకేదాకా చెబుతాను. రిటైరైనవాడికి అంతకంటే పనేముంది? కానీ ఈ పనిలోకి కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు మొన్న మా ఇంటికొచ్చి, "మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి సార్" అన్నప్పుడు నా నోటికొచ్చింది నేను పట్టుకున్న నకిలీ కాదు. బంగారంలాంటి అసలు నాణేన్ని నకిలీ అని రాసి, కింద సంతకం పెట్టి మరీ ఇచ్చిన కథ. పిల్లలు మర్యాదస్తులు, నవ్వలేదు. మీరు నవ్వినా ఫర్వాలేదు.

మాది పాతబస్తీలో ఒక చిన్న ప్రభుత్వ విభాగం. తవ్వకాల్లో దొరికినవి, పోలీసులు పట్టుకున్నవి, ఇళ్లలో తాతల నాటి నుంచి వస్తున్నవి, ఎవరు ఏది తెచ్చినా చూసి అభిప్రాయం రాసిచ్చేవాళ్లం. లోహం, బరువు, అంచు చూడటం నా వంతు. నాణెం మీది అక్షరాలు చదవడం నా సహోద్యోగి వంతు. ఆయన నాకంటే నాలుగు నెలలు పెద్ద. ఫార్సీ, ఉర్దూ క్షుణ్ణంగా వచ్చు. ఏ పనికీ తొందరపడడు. నేను ఏ పనికీ ఆగను. మా ఇద్దరినీ ఒకే గదిలో పాతికేళ్లు ఎదురెదురుగా కూర్చోబెట్టినవాళ్లకు మా మీద ఏదో కోపం ఉండి ఉంటుంది.

నా సర్వీసు చివరి రోజుల్లో ఫోన్లలో ఒక రకం వీడియోలు మొదలయ్యాయి. మీ ఇంట్లో పాత నాణెం ఉంటే మీరు లక్షాధికారులే అని ఒకడు అరుస్తుంటాడు. దాంతో జనం అల్మారాలన్నీ వెతికి మా ఆఫీసు ముందు వరస కట్టేవారు. వాళ్లను చూసి నకిలీలు చేసేవాళ్లూ చురుగ్గా పని మొదలుపెట్టారు. ఆ ఏడాది నా చేతికి మూడు మంచి నకిలీలు వచ్చాయి. అసలు నాణెం నుంచి అచ్చు తీసి, అందులో నాణ్యమైన బంగారమే పోసి చేసినవి. బంగారం అసలుదే, నాణెమే దొంగది. మూడింటినీ పట్టుకున్నాను. నా కళ్లు నెత్తికెక్కడానికి అది సరిపోయింది.

అలాంటి రోజుల్లో వచ్చాడు ఆ మనిషి. బస్ డిపోలో మెకానిక్‌. యాభై దాటినవాడు, గోళ్లలో గ్రీజు పోలేదు. ఎర్ర గుడ్డ విప్పి, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలం నాటి బంగారు నాణెం, అష్రఫీ ఒకటి నా బల్ల మీద పెట్టాడు.

"మా నాయనమ్మది సార్ ఇది. మొన్నటిదాంక బాపు దగ్గర ఉండె. బాపు పోయినంక అక్క దగ్గర ఉన్నది. ఇద్దరం పంచుకోవాలె. అసలుదేనా, జర చూసి చెప్పున్రి."

చూశాను. మీనార్లు మసకబారి ఉన్నాయి. బరువు ఉండాల్సినదానికంటే తక్కువ ఉంది. అంచు చుట్టూ ఉండాల్సిన సన్నని గీతలు ఒకచోట, బొటనవేలి గోరంత మేర, అసలు లేవు. అక్కడ అంచు చదునుగా ఉంది. నాకు ఇంకేం కావాలి? పోత పోసేటప్పుడు బంగారం అచ్చులోకి దిగే దారి దగ్గర చిన్న తోక మిగులుతుంది. దాన్ని కోసేసి ఆకురాయితో రుద్దుతారు. రుద్దినచోట అంచు ఇలాగే చదునవుతుంది. అంతకుముందు మూడింటిలోనూ నన్ను గెలిపించింది ఆ చదునే.

సహోద్యోగి నాణెం తీసుకుని కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"అక్షరాలు సహీగ ఉన్నయి భాయ్. నుక్తాలు, మీది చుక్కలన్ని గూడ జాగల ఉన్నయి. జల్దీ ఏమున్నది? రెండు దినాలు ఉంచుకో, ఇంకోపారి చూద్దాం" అన్నాడు.

"పోత పోస్తే అక్షరాలు ఎక్కడికి పోతాయి? అచ్చం అలాగే వస్తాయి" అన్నాను.

ఆయన నాణెం నా బల్ల మీద పెట్టి తన కుర్చీలోకి వెళ్లిపోయాడు. నేను మధ్యాహ్నంలోపే అభిప్రాయం టైపు చేయించాను. లోహం బంగారం, నాణెం పోత పోసిన నకలు. సంతకం.

మెకానిక్ కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"అంటే అసలుది తీసి ఎవలన్న ఇది పెట్టిన్రా సార్?"

అది నా పని కాదు, నాకు తెలియదు అనాలి. ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను ఏమన్నానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఇన్నాళ్లూ ఎవరి దగ్గర ఉందో వాళ్లను అడగాలి" అన్నాను. కాగితంలో తప్పు రాయడం ఒక ఎత్తు. ఈ మాట ఇంకో ఎత్తు.

మూడు నెలల తర్వాత ఒకావిడ వచ్చింది. అరవై దగ్గర పడిన మనిషి. మాదన్నపేట మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుందట, ఖాళీ గంప పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. పిలిచేదాకా లేవలేదు. లేచి వచ్చి ఒక కవరు నా ముందు పెట్టింది.

"మా తమ్ముడు తెచ్చిన అష్రఫీ మీరే చూసిన్రట గద సార్. దీంట్ల ఏం రాసి ఉన్నదో జర చదివి చెప్పున్రి. నాకు చదువు రాదు."

అది వకీలు నోటీసు. పూర్వీకుల నాణేన్ని ఆమె దొంగతనంగా మార్చి, దాని స్థానంలో నకలు పెట్టిందని, తమ్ముడి వాటా ఇవ్వకపోతే కోర్టులో దావా వేస్తారని అందులో ఉంది. ఆధారంగా నా అభిప్రాయం తేదీతో సహా ఉంది.

"నేను మార్చిన అని మీరు రాసిన్రా సార్?"

"లేదమ్మా. నాణెం పోత పోసింది అని మాత్రమే రాశాను."

"మరి గా పోత ఎవలు పోసినట్టు? ఇంట్ల బాపు, నేను తప్ప ఎవలున్నరు?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడవలేదు.

"వాణ్ణి నేను ఎత్తుకొని పెంచిన సార్. అమ్మ కూలికి పోతె రోజంత నా సంకలనే ఉండె. వాడు నాకు గిట్లాంటి కాగితం పంపిండు." నోటీసు తన వైపు లాక్కుంటూ అంది: "అది నా చిన్నప్పటిసంది గట్లనే ఉన్నది. ఒక దిక్కు అరిగే ఉండె."

అరిగే ఉండె. చెవిన పడింది, బుర్రకు ఎక్కలేదు. తప్పు చేశానేమో అన్న అనుమానం మొదలైనప్పుడు నాకు ముందుగా వచ్చేది కోపం. "అందరూ అలాగే అంటారమ్మా" అన్నాను.

ఆమె నోటీసు మడిచి గంపలో పెట్టుకుంది.

"అందరు అంటరేమో సార్. నేనైతె అబద్ధం ఆడుత లేను."

అంతే, వెళ్లిపోయింది. ఆ రోజు సహోద్యోగి నన్ను చాయ్‌కు పిలవకుండా ఒక్కడే వెళ్లి తాగివచ్చాడు. పాతికేళ్లలో అలా జరగడం అదే మొదలు.

ఆ తర్వాత పదిహేను రోజులకు మా అమ్మాయి బిడ్డకు ఇరవై ఒకటో రోజు. మా అత్తగారు ఊరి నుంచి దిగి ఇల్లంతా తన చేతిలోకి తీసుకున్నారు. బిడ్డకు నాకించడానికి వస కొమ్ము కావాలన్నారు. ఉస్మాన్‌గంజ్‌లో మూలికలు అమ్మే కొట్టు వెతికి పట్టుకొచ్చాను. డాక్టరు వద్దన్నాడని అమ్మాయి గొడవ చేసింది. చివరికి తేనె లేకుండా, తల్లిపాలతో, పేరుకు ఒక్క చుక్క అన్న ఒప్పందం కుదిరింది. అత్తగారు గంధపు సాన ముందు పెట్టుకుని కూర్చున్నారు. కాల్చిన వస కొమ్మును రెండుసార్లు అరగదీశారు. తర్వాత వేలి ఉంగరం తీసి దాన్నీ ఆ రాతి మీద రుద్దడం మొదలుపెట్టారు.

మామూలుగా మగవాళ్లను ఆ గదిలోకి రానివ్వరు. ఆ రోజు మంచినీళ్ల చెంబు తెమ్మంటే వెళ్లి, గుమ్మంలో నిలబడిపోయాను.

"ఉంగరం ఎందుకు రుద్దుతున్నారు అత్తయ్యగారూ?"

"ఏమిటండీ అలా అడుగుతారు? బంగారం తగలాలిగా బిడ్డ నాలిక్కి. మీ ఆవిడకీ ఈ ఉంగరంతోనే పెట్టాను, మీ అమ్మాయికీ ఈ ఉంగరంతోనే పెట్టాను."

ఉంగరం ఒకసారి ఇమ్మన్నాను. దాని వెనక వైపు చదునుగా ఉంది. సంచీలోంచి భూతద్దం తెచ్చి వెలుతురులోకి పరుగెత్తాను. ఆకురాయి గీతలు తిన్నగా ఒకే దిక్కుకు పోతాయి. ఇవి అలా లేవు. సన్నగా, వంపు తిరిగి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. సాన మీద చెయ్యి గుండ్రంగా తిరుగుతుంది కదా మరి.

"బిడ్డ ముఖం చూడమంటే ఉంగరం ముఖం చూస్తున్నాడేమిటే మీ ఆయన?" అని లోపల అత్తగారు మా ఆవిడను అడగడం వినిపించింది.

అది శనివారం. సోమవారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి గుమ్మంలో ఉన్నాను. విషయం చెబితే సహోద్యోగి అడ్డురాకుండా మొత్తం విన్నాడు.

"నేను గప్పుడే చెప్పిన అని అనను భాయ్. ఈ వారమంత చాయ్ నువ్వు తాపియ్యి" అన్నాడు.

పై అధికారి అంత సులభంగా వదల్లేదు. మంచివాడే, కానీ భయస్థుడు. "ఒకసారి సంతకం పెట్టి ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటే రేపు మన కాగితాన్ని ఎవరు నమ్ముతారండీ?" అన్నాడు.

"తప్పు కాగితాన్ని నమ్మితేనే కదండీ ప్రమాదం" అన్నాను. వాదన గెలిచానో, ఆయన విసిగాడో తెలియదు, మళ్లీ చూడటానికి ఒప్పుకున్నాడు.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే అతను అడిగిన మొదటి మాట, "అక్క వచ్చి ఏడ్చిందా సార్?"

"ఏడవలేదు. నేనే తప్పు చూశానని అనుమానం. నాణెం పట్టుకురా" అన్నాను.

రెండు రోజులు రాలేదు. ఈలోగా కరిగించేశాడేమో, అమ్మేశాడేమో అని నేను పడ్డ ఫికర్ అంతా ఇంతా కాదు. గురువారం వచ్చాడు, ముఖం ముడుచుకుని. ఈసారి నాణేన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. మొదటిసారి ఆ పని ఎందుకు చేయలేదని మీరు అడగాలి. నాకు ముందే తెలిసిపోయింది గనక. ఈ పనిలో అంతకంటే పెద్ద జబ్బు లేదు.

చదును మీద గీతలు వంపు తిరిగే ఉన్నాయి. అది సగం జవాబే. నాణెం పోతదా, అసలువాటిలా టంకశాలలో ముద్ర కొట్టిందా అన్నది ఇంకా తేలలేదు. అక్షరాల లోతుల్లో పచ్చగా ఏదో గట్టిపడి ఉంది. మొదటిసారి దాన్ని మురికి అనుకుని వదిలేశాను. పసుపు అది. ఏళ్ల తరబడి పూజలో పెట్టిన పసుపు. శుద్ధి చేసిన నీళ్లలో నానబెట్టి, సన్న కుంచెతో ఒక అక్షరంలోంచి మాత్రం తీశాను. పైన ఏటా చింతపండుతో తోమి తోమి మసకబారిందేమో గానీ, పసుపు కాపాడిన ఆ లోతులో అక్షరం గోడలు నిన్న కొట్టినంత పదునుగా ఉన్నాయి. పోతలో అంత పదును రాదు.

సహోద్యోగి చూసి తల ఎత్తాడు. "ముద్ర కొట్టిందే. ఖరా సోనా, ఖరా సిక్కా" అన్నాడు.

నాకు ఎంత హాయిగా అనిపించిందో అంత సిగ్గేసింది. మెకానిక్ మాత్రం ఇంకా నమ్మలేదు.

"మరి అంచు ఎందుకు అరిగింది సార్?"

"మీ అక్కనే అడుగుదాం. నేనూ వస్తాను."

ఆదివారం వెళ్లాం. కొత్త అభిప్రాయం టైపు చేసి సంచీలో పెట్టుకున్నాను. కారణం రూఢి చేసుకున్నాకే సంతకం పెడదామనుకున్నాను. కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో ఒకటిన్నర గదుల ఇల్లు. ఆమె గోంగూర కట్టలు కడుతోంది. నన్ను చూసి "కూసోన్రి సార్" అని పీట జరిపింది. తమ్ముణ్ణి చూసి కళ్లు దించుకుంది. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, ఈ నాణెంతో మీ ఇంట్లో ఏం చేసేవాళ్లు?" అని అడిగాను.

ఆమె వింతగా చూసింది.

"ఏం చేస్తం సార్? పుట్టిన పిల్లలకు వసల అరగదీసి పెడుతం. మా నాయనమ్మ మంత్రసాని. ఒక నవాబు దేవిడీల కష్టమైన కాన్పు చేస్తె బేగం సాబ్ దీన్ని చేతుల పెట్టిందట. గప్పటిసంది ఈ గల్లీల ఎవలకు బిడ్డ పుట్టినా మా ఇంటికే తెస్తుండ్రి. సాయిబుల ఇండ్లకెళ్లి గూడ వస్తుండ్రి. నాయనమ్మ పోయినంక అమ్మ, అమ్మ పోయినంక నేను."

"మరి ఆ రోజు ఆఫీసులో ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలే గద. అసలుదా, నకిలీదా అన్న లొల్లే గానీ, అరగదీసిన్రా అని ఎవలడిగిన్రు? అది చెప్పే ముచ్చటనా సార్? బొట్టు పెట్టుకున్న అని ఎవలన్న చెప్పుకుంటరా?"

నిజమే. మా ఫారంలో నాణెం ఎవరిది, ఎప్పటిది, ఎలా సంక్రమించింది అని పది ప్రశ్నలు ఉండేవి. ఇంట్లో దీన్ని దేనికి వాడేవారు అన్న ప్రశ్న లేదు. ఆ తర్వాత నేను ఉన్నన్నాళ్లూ దాన్ని చేత్తో రాసి చేర్చాను. ఇప్పుడు ఆ కుర్చీల్లో కూర్చున్న పిల్లలు రాస్తున్నారో లేదో తెలియదు.

"నాకు ఎరుకనే లేదు సార్" అన్నాడు మెకానిక్ గుమ్మంలోంచి. "బాలింత అర్రలకు మమ్ముల రానియ్యకపోదురు."

సాన ఉందా అని అడిగాను. ఆమె మంచం కిందనుంచి తీసి, కొంగుతో తుడిచి నా ముందు పెట్టింది. నల్లటి రాయి. మధ్యలో గంధం తీసిన నునుపు. ఒక పక్కన మాత్రం వేలెడంత పొడుగున, కాస్త వంపు తిరిగిన సన్నని పల్లం. నేను ముట్టుకోలేదు. నాణెం అతని చేతికిచ్చి, "నువ్వే పెట్టి చూడు" అన్నాను.

అతను కింద కూర్చుని నాణేన్ని నిలువుగా ఆ పల్లంలో పెట్టాడు. మొదట కుదరలేదు. మెల్లగా తిప్పాడు. చదును అంచు కిందికి వచ్చేసరికి నాణెం రాతిలో కూర్చుంది. చెయ్యి తీసినా పడలేదు.

"నీకు గూడ దీంతోనే పెట్టిన్రు" అంది అక్క. "నేను పక్కకే ఉన్న. నువ్వు ఊసి, మళ్ల నాకినవ్. నీ కొడుక్కు నేనే పెట్టిన."

అతను తల ఎత్తలేకపోయాడు. "తప్పైంది అక్కా" అన్నాడు.

"కాగితం పంపేటప్పుడు అక్క యాదికి రాలేదారా?"

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. వకీలుకు అక్కడే ఫోన్ చేసి, నోటీసు వాపస్ తీసుకుంటున్నానని చెప్పాడు. అదే మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

నా వంతు మిగిలింది. "తప్పు ముందు నాదమ్మా. సరిగ్గా చూడకుండా రాశాను. అనకూడని మాట అన్నాను" అన్నాను. ఇంత వయసొచ్చాక క్షమాపణ అడగడం ఎలాగో నాకు అలవాటు లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె గోంగూర కట్ట పక్కన పెట్టింది.

"మీ కాగితం పట్టుకొని నేనే ఒక దినం అనుకున్న సార్, నాకు తెల్వకుండ బాపు ఏమన్న మార్చిండా అని. సచ్చిపోయినోణ్ణి అనుమానం పడ్డ. గది నాకు బాధ. ఇప్పుడు పోయింది తియ్యున్రి."

అలా అని గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాదీ అయ్యింది.

తర్వాత ఆమె తమ్ముణ్ణి అడిగింది. "నీ మనుమరాలు పుట్టి నెల దాటిందట గద. పెట్టిన్రా?"

"లే. నువ్వు లేకుంటె ఎవలు పెడుతరు?"

"మరి కూసున్నవేందిరా? తీస్కరా పో."

అరగంటలో ఆటోలో కోడలూ బిడ్డా వచ్చారు. నలుగురు పక్కింటి ఆడవాళ్లూ వచ్చారు. ఆమె సాన కడిగి, తల్లిపాలు నాలుగు చుక్కలు వేయించి, వస కొమ్ము అరగదీసి, నాణెం కోసం చెయ్యి చాపింది. మెకానిక్ ఇవ్వబోయి ఆగి, నా వైపు చూశాడు.

"సార్, అసలుదని తేలింది గద. ఇప్పుడు అరగదీస్తె ఏమన్న అయితదా?"

అందరూ నన్నే చూస్తున్నారు. నాణేన్ని జేబురుమాలుతో తుడిచినందుకు కూడా జనాన్ని తిట్టిపోసినవాణ్ణి నేను.

"అరగదీయనివ్వు" అన్నాను.

ఆమె మూడుసార్లు రుద్దింది. బిడ్డ ముఖం చిట్లించి, ఊసి, మళ్లీ నాకింది. ఆడవాళ్లంతా నవ్వారు. నేను సంచీలోంచి కొత్త అభిప్రాయం తీశాను. ముద్ర కొట్టిన అసలు నాణెం, అంచు అరుగుదల వాడకం వల్ల వచ్చింది అని అందులో ఉంది. బరువు మిల్లీగ్రాముల దాకా ఉంది. కలం తీసి, బరువు ముందు 'సుమారు' అని చేర్చి, సంతకం పెట్టి, కాగితం అక్క చేతికిచ్చాను.